మామయ్య మాటే వినే కంప్యూటర్

అత్తా,

నీ సుడిగాలి నమస్కారాలు. నువ్వూ మామయ్యా క్షేమమే అనుకుని మొదలుపెడుతున్నాను. నా క్షేమం సంగతి ఇది చదివాక నువ్వే తేల్చు.

మన ఇంట్లో నన్ను చదివినంత తప్పుగా ఎవరూ ఏ పుస్తకాన్నీ చదివి ఉండరు. మొన్న నాన్న ఫోన్ చేశాడు. తన స్నేహితుడి ఆఫీసులో, రికార్డు సెక్షన్‌లో ఖాళీ ఉందట. పర్మనెంటట. కూర్చున్న కుర్చీలోంచి రిటైరయ్యేదాకా లేవక్కర్లేదట. ఆ చివరి మాట వరమిస్తున్నట్టు చెప్పాడు. నేను "చూద్దాం" అన్నాను. అంతే అన్నాను. ఆయన ఫోన్ పెట్టేసి అమ్మ వైపు తిరిగి "ఒప్పుకుంది" అన్నాడట. సాయంత్రానికల్లా అమ్మ కింద వాటావాళ్ళకీ పై వాటావాళ్ళకీ చెప్పేసి, ఆఫీసుకి తగిలించుకెళ్ళడానికి నాకో సంచీ కూడా కొనేసింది. వచ్చే ఒకటో తారీఖున చేరాలట.

నిలకడ లేనిదాన్నని నాకు సుడిగాలి అని పేరు పెట్టారు, బాగానే ఉంది. లైబ్రరీలో పని మానేశాను, నిజమే. అక్కడ పుస్తకాలకి దుమ్ము దులపాలి గాని తెరవకూడదు. ట్యూషన్ సెంటర్ మానేశాను, అదీ నిజమే. ఇప్పుడీ హెల్ప్‌లైన్. పొద్దున్నించీ "మా కంప్యూటర్ పనిచేయట్లేదండీ" అని గొంతులు. ఎదురుగా అట్టకి అంటించిన కాగితం చూసి జవాబు చదవాలి. ఆ యంత్రాన్ని చూడను, ఆ మనిషినీ చూడను. కళ్ళకి గంతలు కట్టుకుని వైద్యం చేసినట్టు ఉంటుంది. దీంట్లోంచి తీసి రికార్డు సెక్షన్‌లో వేస్తే, అత్తా, పెనం మీంచి పొయ్యిలోకే.

నాన్న నీ మాట వింటాడు. తమ్ముడు కదా, చిన్నప్పుడు నీ చేతి దెబ్బలు తిన్నాడు కదా. "చూద్దాం" అంటే "చూద్దాం" అనే అర్థమని ఆయనకి ఒక్క ముక్క చెప్పు.

ఇట్లు,
నీ మేనకోడలు సుడిగాలి

తా.క. ఫోన్ చేయొచ్చుగా అంటావు. పగలంతా చెవికి ఫోన్ కట్టుకునే ఉంటాను. పైగా మీ ఇంట్లో ఫోన్ మామయ్య బల్ల మీద ఉంటుంది, దానికన్నా మైకు నయం.

ఇంకో తా.క. సంచీ బురద రంగు. మురికి కనిపించదని కొందట. అంటే రిటైరయ్యేదాకా ఉతకనక్కర్లేదని లెక్క.

*

చిరంజీవి సుడిగాలికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నీకు పర్మనెంటు ఉద్యోగం వచ్చిందని చదివి చాలా సంతోషించాను. సంచీ కూడా కొన్నారటగా, మంచిది.

మిగతాది తర్వాత తీరిగ్గా చదువుతాను గాని, ముందు నా గోడు విను. నువ్వు కంప్యూటర్ డాక్టరువి కదా. ఇది చేత్తో రాస్తున్నానంటేనే నీకు అర్థం కావాలి. నా టైపు షాపులో పాత కంప్యూటర్ పోయి కొత్తది కొన్నామా, దీని కీబోర్డు నా మాట వినట్లేదు. పొద్దున బాగానే ఉంటుంది. కాసేపటికి ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. నేను, అమ్మాయ్! కళ్ళకి రుమాలు కట్టుకుని టైపు కొట్టి పందెం గెలిచినదాన్ని! నా వేళ్ళ కింద రాయిలా పడుంటుంది.

అసలు అవమానం ఇది కాదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని మీ మామయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జన్మలో టైపు కొట్టి ఎరగని మనిషి. ఒక్క చూపుడు వేలుతో, పండు మగ్గిందో లేదో చూస్తున్నట్టు మెల్లిగా అదిమారు. అక్షరం పడింది! ఇంకోటి అదిమారు. అదీ పడింది! నన్ను లేపి కూర్చుంటే పడుతుంది, నేను కూర్చుంటే పడదు. "దానికి మనుషులు తెలుసే" అంటున్నారు.

నవ్వులాటగా ఉందనుకోకు. రిటైర్డ్ ప్రిన్సిపాల్ గారి ఆత్మకథ టైపు కొట్టిస్తానని ఒప్పుకున్నాను. నెలాఖరుకి ఇవ్వాలి. మీ మామయ్య సంగతి తెలుసుగా, షాపు ఎత్తేసి ఇంట్లో కాళ్ళు చాపుకుందామని ఎన్నాళ్ళ నుంచో ఒకటే పోరు. పక్కన చెప్పుల కొట్టాయన గోడౌనుకి చోటు అడుగుతున్నాడు. కిటికీ దగ్గర మూల చూశావుగా, నా పాత టైపు మిషన్లు దుప్పట్లు కప్పుకుని ఉంటాయి, ఆ మూల చూసి చూసి లొట్టలేస్తాడు. నేను పౌరుషానికి పోయి, ఈ పుస్తకం నెలాఖరుకి ఇవ్వలేకపోతే షాపు నేనే మూసేస్తానన్నాను. ఇప్పుడు నా పరువూ నా షాపూ ఆ మీటల కింద ఉన్నాయి. వెంటనే మందు చెప్పు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ప్రిన్సిపాల్ గారి దస్తూరి కోడి గెలికినట్టుంది. ఒక్కో మాట దగ్గరా ఆగి ధ్యానం చేయాల్సొస్తోంది. మొదటి అధ్యాయం అయిపోవచ్చింది, ఆయన ఇంకా పుట్టలేదు.

*

అత్తా,

నమస్కారాలు, కోపంతో. నువ్వు కూడానా! ఉద్యోగం వచ్చిందని సంతోషించమని కాదు నేను రాసింది. సంచీ దగ్గర ఆగిపోయావు. ఆ ఉత్తరం దాచే ఉంటావు, మళ్ళీ చదువు.

సరే, నేను డాక్టర్ని కాదు, కాగితం చూసి చదివేదాన్ని. మా కాగితంలో ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. కంప్యూటర్ ఒకసారి పూర్తిగా ఆపి మళ్ళీ వేయి. కీబోర్డు తీగ ఊడదీసి ఇంకో కన్నంలో పెట్టు. తర్వాత దాన్ని బోర్లించి దులుపు. అప్పటికీ వినకపోతే ఎవరిదైనా వేరే కీబోర్డు తెచ్చి తగిలించి చూడు. దాంతో బాగా పనిచేస్తే నీ కీబోర్డుది తప్పు, దాంతోనూ పనిచేయకపోతే కంప్యూటర్‌ది.

ఇది కాగితంలో లేనిది, నా బుర్రలోది. నీకు పనిచేయకుండా మామయ్యకే పనిచేస్తోందంటే, అది ఆగిపోతే లాభం ఎవరికి? షాపు మూయాలని ఎవరికుంది? నేనేమీ అనట్లేదు. నువ్వు లేని సమయంలో మాత్రం ఆ బల్ల దగ్గర ఎవరు మసలుతున్నారో ఓ కన్నేసి ఉంచు. అడగాల్సొస్తే సున్నితంగా అడుగు. నా పేరు ఎత్తకు.

నాన్నకి చెప్పడం మర్చిపోకు. ఒకటో తారీఖు నా మీదికి లారీలా వస్తోంది.

ఇట్లు,
సుడిగాలి

తా.క. ఇవాళ ఒకాయన మౌసు పనిచేయట్లేదని ఫోన్ చేశాడు. పావుగంట కాగితం చదివాక, ఆయన చేతిలో ఉన్నది టీవీ రిమోట్ అని తేలింది. నేను పక్కన ఉంటే కుర్చీలో కూర్చోకముందే తేలేది.

*

చిరంజీవి సుడిగాలికి,

ఆశీస్సులు. నువ్వు చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేశాను.

ఆపి వేశాను, అదే తంతు. కన్నం మార్చాను, అదే తంతు. బోర్లించి దులిపాను. గుండుసూదులు, సగం పెన్సిలు ములుకు, మీ మామయ్య చొక్కా గుండీ, నా చెవి దిద్దు శీల రాలాయి. ఆ శీల గురించి మా పనమ్మాయిని మనసులో ఎంత అనుమానించానో! పాపం, దానికి ఆవేళే ఓ చీర ఇచ్చాను. ఎందుకిచ్చానో అర్థంకాక అది ఇప్పుడు నన్ను అనుమానంగా చూస్తోంది.

తర్వాత ఫోటో స్టూడియో అబ్బాయి కీబోర్డు అరువు తెచ్చి తగిలించాను. అదీ నాకు పలకలేదు. మీ మామయ్య అదిమితే పలికింది! ముక్కూ మొహం తెలియని కీబోర్డు కూడా ఆయన పక్షమే.

మామయ్యని సున్నితంగానే అడిగాను. "కంప్యూటర్ని మీరే పాడుచేస్తున్నారని మీ మేనకోడలు అంటోంది, నిజమేనా?" అన్నాను. దాంతో మౌనవ్రతం పట్టారు. నిర్దోషినని నిరూపించుకోడానికట, రోజూ నాకంటే ముందు షాపుకి వచ్చి కూర్చుని ప్రిన్సిపాల్ గారి ఆత్మకథ తనే ఒక్క వేలుతో కొడుతున్నారు. పూటకి ఓ పేజీ.

వింతల్లో వింత ఇంకోటి. మొన్న ఆయన క్షవరానికి వెళ్ళారు. నేను కూర్చుని కాగితం వైపు చూస్తూ ఉన్నాను, ఉన్నట్టుండి మీటలు వాటంతటవే బాగుపడ్డాయి! గుర్రంలా పరిగెత్తించాను. ఆయన తిరిగొచ్చి ఒక్క మీట అదిమితే ఒక్క అక్షరం పడాల్సిన చోట బారెడు పడింది. ఆయన గిరుక్కున లేచిపోయారు. కాసేపటికి మళ్ళీ నాకు బంద్. ఆయన బయటికి వెళ్తే మంచిదేమోనని మర్నాడు మళ్ళీ క్షవరానికి పంపాను. కత్తెర ఎక్కడ పెట్టాలో తెలీక మంగలి తల్లడిల్లిపోయాడట. ఫలితం మాత్రం లేదు.

ఇలా అయితే నెలాఖరుకి ప్రిన్సిపాల్ గారు హైస్కూలు కూడా దాటరు. షాపు చెప్పులపాలే.

ఇట్లు,
అత్తయ్య

తా.క. మీ మామయ్య పుస్తకం కొడుతూ కత్తిరిస్తున్నారు కూడా. ముప్ఫై పేజీల పుట్టుక తీసేసి "నేను పుట్టాను" అని ఒక్క ముక్కలో తేల్చారు. ప్రిన్సిపాల్ గారు చూస్తే ఏమవుతుందో.

ఇంకో తా.క. (మామయ్య దస్తూరితో) అమ్మా సుడిగాలీ, నేను దొంగను కాను. నాకు షాపు మూయాలని ఉన్నమాట నిజం. కంప్యూటర్ మూయాలని లేదు. పైగా ఆ ప్రిన్సిపాల్ హైస్కూల్లో చేరబోతున్నాడు, మధ్యలో ఎలా వదలను?

*

అత్తా,

నమస్కారాలు. మామయ్యకి ప్రత్యేకంగా రెండు. నువ్వు సున్నితంగా అడిగిన తీరుకి మూడు.

మా కాగితం అయిపోయింది. చివర్లో "సమీపంలోని సర్వీసు సెంటర్‌ని సంప్రదించండి" అని ఉంది, అంటే "ఇక మాకు తెలీదు" అని అర్థం. నిన్న పని పక్కనపెట్టి అట్ట వెనక కీబోర్డు బొమ్మ గీసుకుంటుంటే మా సూపర్‌వైజర్ పట్టుకున్నాడు. "ఎవరి కేసు?" అన్నాడు. "మా అత్తది" అన్నాను. "నంబరు?" అన్నాడు. "నంబరు లేదు, అత్తే" అన్నాను. నాకు ఓపిక లేదని రిపోర్టు రాస్తాడట. ఫోన్లు తొందరగా తెంచమనేది ఆయన, ఓపిక లేనిది నాకు!

మా కాగితంలో ఎక్కడా లేని ప్రశ్న ఒకటుంది. బాగా ఆలోచించి రాయి. అది ఆగిపోవడానికి సరిగ్గా ముందు నువ్వేం చేస్తున్నావు?

ఇట్లు,
సుడిగాలి

తా.క. నాన్నకి చెప్పావా? ఈ ప్రశ్నకి కూడా జవాబు కావాలి.

*

చిరంజీవి సుడిగాలికి,

ఆశీస్సులు. ఏం చేస్తున్నావంటే ఏం చెప్పను? ఏమీ చేయట్లేదు! ప్రిన్సిపాల్ గారి కోడిగీతల్లో చిక్కుకుని, చేతులు మీటల మీదే పెట్టుకుని, ఆ మాట "గౌరవమా" "గారడీయా" అని చూస్తూ ఉంటాను. అంతే. నేను ఊరికే ఉండగా చెడిపోతే నాదా తప్పు? నువ్వూ మీ మామయ్యలాగే మాట్లాడుతున్నావు. చదువుకున్నదానివి, నీకు తెలీదని చెప్పేస్తే సరిపోయేది.

చెప్పుల కొట్టాయన నిన్న టేపు తెచ్చి మూల కొలిచి వెళ్ళాడు. "ఊరికే చూసుకుంటున్నానండీ" అన్నాడు. టైపు మిషన్ల మీద దుప్పట్లు ఎత్తి మరీ చూశాడు. ఆయన వెళ్ళాక మళ్ళీ నేనే కప్పాను. పని నేర్చుకున్న రోజు నుంచీ నా వేళ్ళు ఊరుకున్నది లేదమ్మా. రేపు షాపు మూస్తే ఇంట్లో వీటిని ఎక్కడ పెట్టుకోను?

ఇట్లు,
అత్తయ్య

తా.క. (మళ్ళీ మామయ్య) అమ్మా, ఆవిడ ఏమీ చేయట్లేదన్నది అబద్ధం. పక్కనే కూర్చుని చూస్తున్నాను, మాటల్లేవు కాబట్టి చూడ్డమే పని. ఆలోచించేటప్పుడు ఆవిడ కుడిచేతి చిటికెన వేలు విడిగా చాపి, ఆ చివరి పెద్ద మీట మీద అదిమి పెడుతుంది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టీచరమ్మ నేర్పిన భంగిమట, వేలు ఎప్పుడూ షిఫ్టు మీద సిద్ధంగా ఉండాలట. కాసేపటికి కంప్యూటర్ "కుయ్" మంటుంది, తెర మీద ఏదో అడుగుతూ పెట్టె తెరుచుకుంటుంది. ఈవిడ కాగితం మీంచి కళ్ళు తిప్పకుండానే ఎస్ అనేస్తుంది. మౌనం పట్టకముందు ఓసారి "ఏమడిగిందే?" అంటే, "ఏదో అడిగింది, కాదంటే మళ్ళీ అడుగుతుంది, పనికి అడ్డం" అంది. ఇన్నేళ్ళ కాపురంలో నేను అడిగినదానికి ఒక్కసారైనా అలా ఎస్ అన్నదా అని.

*

అత్తా! మామయ్యా!

నమస్కారాలన్నీ మామయ్యకే. ఇది చదువుతూ బస్సులో గట్టిగా నవ్వితే పక్కావిడ సీటు మారింది.

దొరికింది. కీబోర్డుకి ఏ రోగమూ లేదు. కొత్త కంప్యూటర్‌లో ఓ ఏర్పాటు ఉంటుంది, ఫిల్టర్ కీస్ అంటారు. చెయ్యి వణికేవాళ్ళ కోసం పెట్టారు. అది ఆన్‌లో ఉంటే, వేలు తగిలీ తగలనట్టు నొక్కినవి పొరపాటున తగిలాయనుకుని వదిలేస్తుంది, మెల్లిగా నొక్కి పట్టుకున్నవే లెక్కలోకి తీసుకుంటుంది. కుడివైపు షిఫ్టుని కాసేపు అదిమి పెడితే "ఆ ఏర్పాటు ఆన్ చేయమంటారా?" అని అడుగుతుంది. అదిమింది నువ్వు, ఎస్ అన్నది నువ్వు. మళ్ళీ ఇంకో కోడిగీత దగ్గర ఆగి ఇంకోసారి అదిమి పెడితే ఆఫ్ అయిపోతుంది. మామయ్య క్షవరానికి వెళ్ళిన రోజు జరిగింది అదే. ఆ మంగలికి క్షమాపణ చెప్పండి.

నీ వేళ్ళు మెరుపులు. మీట మీద వాలీ వాలక ముందే లేచిపోతాయి. ఆ యంత్రం వాటిని తాకిడి కింద కూడా జమకట్టట్లేదు. మామయ్యది పండు మగ్గే వేగం కాబట్టి ఆయన మాట వింది. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆయన అలా అదిమితే బారెడు పడటం కూడా అందుకే. నీ పాత కంప్యూటర్‌లో ఈ ఏర్పాటు ఎవరో ముందే తీసేసి ఉంటారు.

ఇప్పటికి షిఫ్టు కాసేపు అదిమి దాన్ని ఆఫ్ చేయి. తర్వాత సెట్టింగుల్లో కీబోర్డు అనే చోటికి వెళ్ళి, షిఫ్టు అదిమితే అది మేలుకొనే దారే మూసెయ్. చిటికెన వేలిని ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం.

ఇట్లు,
గంతలు విప్పుకున్న సుడిగాలి

తా.క. ఇది మా హెల్ప్‌లైన్‌లో ఎన్నాళ్ళు కూర్చున్నా దొరికేది కాదు. నీ పక్కన మాటలు మానేసి కూర్చున్న మనిషి వల్ల దొరికింది. చదివినప్పటి నుంచీ నేను ఈ మాటే ఆలోచిస్తున్నాను.

*

చిరంజీవి సుడిగాలికి,

ఆశీస్సులు, నూరేళ్ళు. షిఫ్టు అదిమాను, "కుయ్" మంది, మీటలు లేచి కూర్చున్నాయి! ఆ పూట ప్రిన్సిపాల్ గారిని కాలేజీ చదివించి, ఉద్యోగంలో వేసి, పెళ్ళి కూడా చేసేశాను.

తీరా తలెత్తి చూస్తే మీ మామయ్య మొహం చిన్నబోయి ఉంది. తను కూర్చుని అదిమితే ప్రిన్సిపాల్ గారి ఇంటిపేరు మొదటి అక్షరం పేజీ ఈ చివర్నించి ఆ చివరిదాకా పాకింది. "పోన్లే, నా పని అయిపోయింది" అని కండువా భుజాన వేసుకున్నారు. ఆ మనిషి కీబోర్డు పట్టినప్పటి నుంచీ, మౌనం వీడాక కూడా, షాపు మూసేద్దామన్న మాట ఒక్కసారీ అనలేదని నాకప్పుడు వెలిగింది. "ఆగండి" అని నేనే మళ్ళీ షిఫ్టు అదిమాను. "కుయ్" మంది. ఎస్ అన్నాను. ఈసారి చదివే అన్నాను.

నువ్వు మూసేయమన్న దారి మూయలేదు. పొద్దున పూట ఆయనకి, మధ్యాహ్నం నుంచి నాకు. వంతు మారినప్పుడల్లా చిటికెన వేలు ఒకటే పని. పుస్తకం నెలాఖరుకి ముందే అయిపోయింది. ప్రిన్సిపాల్ గారు "నేను పుట్టాను" చూసి కాసేపు గుడ్లప్పగించి, "ఇంత సూటిగా నేనెప్పుడు రాశానో!" అని మురిసిపోయారు. రెండో భాగం కూడా ఇస్తారట, అందులో రిటైరవుతారు. చెప్పుల కొట్టాయన వచ్చి మూల సంగతి అడిగితే మీ మామయ్య చెప్పిన జవాబు ఇక్కడ రాయకూడదు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. చెప్పడం మరిచాను. నేను మంచి ఊపులో కొడుతుండగా మీ నాన్న షాపుకి ఫోన్ చేశాడు. ఏదో అడిగాడు. కాదంటే మళ్ళీ అడుగుతాడు, పనికి అడ్డమని "ఆఁ, ఆఁ" అన్నాను. "అయితే అమ్మాయి చేరుతుందన్నమాట, నువ్వే చెప్పావంటే ఇంకేం" అని పెట్టేశాడు. ఇప్పుడు నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. కొంప మునగలేదు కదా?

*

అత్తా,

నమస్కారాలు.

కొంప మునిగింది. మునిగితే మునిగింది, నాకు ఈత వచ్చు.

కోపం లేదు. నాకు ఒక్క విషయం తెలిసొచ్చింది. మన ఇంటి మొత్తానికీ ఆ ఏర్పాటు ఆన్‌లో ఉంది. నేను గబగబా మాట్లాడతాను కాబట్టి పొరపాటున తగిలిందనుకుని వదిలేస్తారు. "చూద్దాం" అన్నాను, ఎవరికీ తగల్లేదు. లైబ్రరీ ఎందుకు మానేశానో చెప్పాను, అదీ తగల్లేదు. అందుకని ఈసారి ఒక్కో మీటా మామయ్యలాగా అదిమి పట్టుకుని చెప్తున్నాను. ఇదే ఉత్తరం ఇంకోటి నాన్నకీ వేశాను.

రికార్డు సెక్షన్‌లో చేరను.

హెల్ప్‌లైన్‌కి నిన్న రాజీనామా ఇచ్చాను. సూపర్‌వైజర్ "కారణం?" అన్నాడు. "మనుషుల వేళ్ళు కనిపించట్లేదు" అన్నాను. ఆ కాలమ్‌లో వ్యక్తిగతం అని రాసుకున్నాడు.

కిటికీ దగ్గర మూల నాకు కావాలి. అద్దె చెప్పులాయన ఇస్తానన్నంతే ఇస్తాను, టైపు మిషన్లని కదపను, ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుంటాను. ఒకటి నాకు, ఒకటి కంప్యూటర్ తెచ్చినవాళ్ళకి. వాళ్ళు వాడుతుంటే పక్కన కూర్చుని చూస్తాను. మందు ఆ తర్వాత.

దీన్ని కూడా ఎన్నాళ్ళకో మానేస్తానని అమ్మ అంటుంది. మానేస్తే మానేస్తాను. సోమవారం పొద్దున బస్సుకి దిగుతున్నాను.

ఇట్లు,
సుడిగాలి

తా.క. బురద రంగు సంచీ తెస్తున్నాను. స్క్రూడ్రైవర్లు, బ్రష్షులు, తీగలు అన్నీ పట్టాయి.

ఇంకో తా.క. ఇది అడగడం కాదు అత్తా. ఎస్ అననక్కర్లేదు.